తొలి రూపు

ఉద్దేశం

పాత వస్తువులను పరిరక్షించే పనిలో శాస్త్రదృష్టి, ఓర్పు, సత్యనిష్ఠ ఎంత అవసరమో తెలియజేయడం, ఒక పాత సైనిక మోటారు సైకిలును తొలి రూపానికి తెచ్చే పద్ధతిని దశలవారీగా వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పాతబడిన వస్తువును కొత్తదానివలె మెరిపించడం వేరు. దానిని తొలి రూపానికి తీసుకొని రావడం వేరు. మొదటి పనికి ధనమూ, చేతినేర్పూ ఉంటే చాలు. రెండవ పనికి ఆ రెండింటితోపాటు చరిత్రజ్ఞానమూ, ఆధారాలను తూచి చూసే వివేకమూ కావాలి. శిథిలమైన దేవాలయం విషయంలోనూ, చెదలు తిన్న తాళపత్రం విషయంలోనూ పండితులు పాటించే ఈ భేదం ఒక యంత్రానికి కూడా వర్తిస్తుంది. ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, తరువాత ఎన్నో చేతులు మారి, చివరకు ఏ పశువుల కొట్టంలోనో తుప్పుపట్టిన మోటారు సైకిలును తిరిగి తొలి రూపంలో నిలబెట్టడం ఎట్లాగో పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

సైన్యంలో మోటారు సైకిలుకు ప్రత్యేకమైన స్థానం ఉన్నది. యుద్ధభూమిలో టెలిఫోను తీగ తెగిపోవచ్చు. రేడియోలో పలికిన మాటను శత్రువు వినవచ్చు. అటువంటప్పుడు లిఖితమైన ఆజ్ఞను ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి చేతికి చేర్చే మనిషే దిక్కు. అట్టి వార్తాహరులను డిస్పాచ్ రైడర్లు అంటారు. కారు పోలేని ఇరుకు దారిలోనూ, లారీ దిగబడే బురదలోనూ వారి మోటారు సైకిలు సాగిపోయేది. మన దేశంలో 1911లో ఏర్పడిన సిగ్నల్స్ దళానికి ఈ వాహనంతో అనుబంధం ఎక్కువ. ఆ దళానికి చెందిన 'డేర్ డెవిల్స్' అనే మోటారు సైకిలు విన్యాస బృందం 1935లో ప్రారంభమైంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ వాహనాల తయారీ విపరీతంగా పెరిగింది. ఇంగ్లండులో బి.ఎస్.ఏ. సంస్థ ఎం 20 అనే నమూనాను లక్షా ఇరవై వేలకు పైగా తయారుచేసింది. నార్టన్ సంస్థ తన 16 హెచ్ నమూనాతో దాదాపు లక్ష సైనిక వాహనాలను అందించింది. 500 సి.సి.కి కొంచెం తక్కువైన ఇంజను, వెనుక చక్రానికి స్ప్రింగులు లేని గట్టి ఛాసిస్, స్ప్రింగులపై నిలిచిన సీటు వీటి లక్షణాలు. వేగం వీటి గొప్పతనం కాదు. రాత్రివేళ, వానలో, సామాన్యమైన పనిముట్లతో ఒక సైనికుడు ఒంటరిగా బాగుచేసుకోగలగడమే వీటి గొప్పతనం. సుమారు ఇరవై అయిదు లక్షల మంది భారతీయ సైనికులు పాల్గొన్న ఆ యుద్ధంలో ఇటువంటి బళ్లు ఎడారులలోనూ, బర్మా సరిహద్దు అడవులలోనూ తిరిగాయి.

స్వాతంత్ర్యానంతరం మన సైన్యానికి ఆప్తమైన బండి బుల్లెట్. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణానికి చెందిన ఎన్‌ఫీల్డ్ సంస్థ మొదట తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసిపెట్టేది. 1901లో తొలి మోటారు సైకిలును తయారుచేసింది. 'తుపాకివలె నిర్మితమైనది' అనే నినాదమూ, ఫిరంగి చిహ్నమూ ఆ పూర్వచరిత్రను చెప్పేవే. 346 సి.సి. ఇంజను, వెనుక చక్రానికి స్ప్రింగుల ఊపు గల బుల్లెట్‌ను ఆ సంస్థ 1949లో మార్కెట్టుకు తెచ్చింది. సరిహద్దు గస్తీకి అనువైన వాహనాన్ని వెదకుతున్న భారత సైన్యం 1950ల తొలి సంవత్సరాలలో దీనిని ఎంచుకొన్నది. 1955లో రెడిచ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను నెలకొల్పాయి. మద్రాసుకు ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. ఇంగ్లండులో ఆ సంస్థ తయారీ 1970 నాటికి పూర్తిగా ఆగిపోయినా, బుల్లెట్ మాత్రం మద్రాసులో బ్రతికింది.

తిరువొత్తియూరు తెలుగువారికి దూరం కాదు. ముఖ్యంగా చిత్తూరు సీమకు అది పొరుగూరే. బోయకొండ గంగమ్మ క్షేత్రంతో పేరుగాంచిన చౌడేపల్లె, దానికి ఇరుగుపొరుగున ఉన్న పుంగనూరు, మదనపల్లె, మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం ఇవన్నీ చెన్నై, బెంగళూరు మహానగరాల నడుమనున్న ప్రాంతాలు. సైన్యం కాలంచెల్లిన వాహనాలను వేలం వేస్తుంది. వేలంలో కొన్న బండి చేతులు మారుతూ ఏ పల్లెకైనా చేరవచ్చు. అట్లా ఒక పాత సైనిక బుల్లెట్ చౌడేపల్లె వంటి ఊరిలో దొరికిందనుకొందాము. ట్యాంకుకు ఎర్రరంగు పూసి ఉంటుంది. హ్యాండిలుకు తళతళలాడే క్రోమియం పూత వేసి ఉంటారు. సీటు మారి ఉంటుంది. ప్రతి యజమానీ తన అవసరాన్ని బట్టి, తన అభిరుచిని బట్టి దానిని మార్చుకొని ఉంటాడు. ఆ మార్పుల పొరల కింద సైనిక వాహనం దాగి ఉన్నది. దానిని వెలికి తీయాలి.

ఇక్కడే తొలి చిక్కు ఎదురవుతుంది. తొలి రూపమంటే ఏది? కర్మాగారం గడప దాటిన నాటి రూపమా? సైన్యంలో పనిచేసిన నాటి రూపమా? ఈ రెండూ ఒకటి కావు. రంగునే ఉదాహరణగా తీసుకొందాము. సైనిక వాహనమంటే ఆకుపచ్చ రంగు అని పలువురి నమ్మకం. కాని బ్రిటిషు సైనిక వాహనాలకు యుద్ధారంభంలో ఖాకీ కలిసిన ఆకుపచ్చ రంగు వేసేవారు. 1941 తరువాత గోధుమ వన్నె వచ్చింది. 1944 నుంచి ఆలివ్ పచ్చ వచ్చింది. 1942లో తయారైన బండికి ఆలివ్ పచ్చ పూస్తే అది చూపులకు సైనిక వాహనమే అవుతుంది గాని, తన చరిత్రకు దూరమవుతుంది.

రబ్బరు సంగతి మరింత ఆసక్తికరమైనది. 1942 తొలి మాసాలలో మలయా, సింగపూరు జపాను వశమయ్యాయి. బ్రిటనుకు రబ్బరు సరఫరా పడిపోయింది. దానితో మోటారు సైకిళ్ల కాలిపీటలకు రబ్బరు తొడుగులు మానివేసి వట్టి ఇనుమునే ఉంచారు. హ్యాండిలు పిడులకు రబ్బరుకు బదులు మందపాటి కిత్తాను గుడ్డ చుట్టారు. ఈ సంగతి తెలియని వ్యక్తి అటువంటి బండికి కొత్త రబ్బరు తొడుగులు కొని తగిలిస్తే, లోపాన్ని సరిదిద్దాననే అనుకొంటాడు. నిజానికి ఆ లేమియే ఆ బండి చెప్పే చరిత్ర. తూర్పు సముద్రాల్లో ఓడిన ఒక యుద్ధం ఇంగ్లండులోని ఒక కాలిపీట మీద వేసిన ముద్ర అది.

కాబట్టి పనిముట్లు పట్టుకోవడానికి ముందే ఆధారాలను సేకరించాలి. ఇంజను మీద, ఛాసిస్ మీద పొడిచిన అంకెలు మొదటి ఆధారం. తయారీ సంవత్సరాన్నీ, నమూనానూ అవి తెలుపుతాయి. రెండూ ఒకే బండికి చెందినవా కాదా అన్నది కూడా వాటిని బట్టి తెలుస్తుంది. ట్యాంకు మీద లేదా మడ్‌గార్డు మీద రాసిన సైనిక సంఖ్య రెండవ ఆధారం. బ్రిటిషు సైన్యంలో మోటారు సైకిలు సంఖ్యకు ముందు 'సి' అనే అక్షరం ఉండేది. మన సైనిక వాహనాల సంఖ్యకు ముందు పైకి చూసే బాణం గుర్తు, తరువాత సంవత్సరాన్ని తెలిపే రెండంకెలు ఉంటాయి. మూడవ ఆధారం రంగు పొరలు. సన్నని ఉప్పు కాగితాన్ని నీటిలో తడిపి, మరుగుగా ఉన్నచోట మెల్లగా రుద్దితే, చెట్టు మొద్దులోని వలయాలవలె ఒకదాని కింద ఒకటిగా పాత రంగులు బయటపడతాయి. ఎండకు వెలసిన పైభాగం కంటె, ట్యాంకు అడుగున, సీటు కింద మిగిలిన రంగే నమ్మదగినది. సైన్యం ముద్రించిన మరమ్మతు పుస్తకాలు, విడిభాగాల పట్టికలు, ఆనాటి ఛాయాచిత్రాలు, చేయి పడని అదే నమూనా బళ్లు మిగిలిన ఆధారాలు.

సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి పరిచితమైనదే. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చుకొని తెలుగు కావ్యాల వ్రాతప్రతులను సేకరింపజేశాడు; పాఠాంతరాలను పోల్చి చూపించాడు; 1829లో వేమన పద్యాలను ప్రకటించాడు. లేఖకుడు జారవిడిచిన అక్షరమేది, తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తమేది అని పరిష్కర్త ప్రతిపదాన్నీ ప్రశ్నిస్తాడు. తనకు నచ్చిన పదాన్ని మూలంలో చేర్చే అధికారం అతనికి లేదు. యంత్రాన్ని పునరుద్ధరించేవాడు కూడా అటువంటి పరిష్కర్తయే. క్రోమియం పూత ప్రక్షిప్తం. మాసిపోయిన సైనిక సంఖ్య లుప్తమైన పాఠం.

ఆధారాలు సమకూరిన తరువాత బండిని విప్పాలి. విప్పే ముందు నలుదిక్కుల నుంచి ఫొటోలు తీయాలి. తీగ ఏ దారిన పోయినదీ, ఏ బోల్టు ఏ వైపు నుంచి దూరినదీ రాసుకోవాలి. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, జట్లుగా డబ్బాలలో భద్రపరచాలి. పనికిరాదనిపించిన దానిని సైతం పని ముగిసేవరకు పారవేయకూడదు. కొత్తది చేయించడానికి అదే కొలత. పానాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత బ్రిటిషు బళ్ల నట్లు, బోల్టులు మిల్లీమీటరు కొలతలవి కావు. వాటి మరల లెక్క అంగుళాలలో ఉంటుంది. ఇప్పటి పానాతో బలవంతంగా తిప్పితే నట్టు అంచులు అరిగి గుండ్రబడతాయి. డెబ్బై ఏళ్లు నిలిచిన నట్టు ఒక్క నిమిషపు తొందరతో పాడైపోతుంది.

బిగుసుకొనిపోయిన ఇంజను పునరుద్ధారకుని ఓర్పుకు అసలైన పరీక్ష. పిస్టను సిలిండరుకు తుప్పుతో అంటుకొని ఉంటుంది. సుత్తితో కొడితే పిస్టను పగులుతుంది. ప్లగ్గు రంధ్రం గుండా తుప్పును వదిలించే నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, కొద్దికొద్దిగా కదిలించాలి. విప్పిన తరువాత సిలిండరును కొలవాలి. ఏళ్ల తరబడి నడిచిన సిలిండరు లోపల గుండ్రదనం తప్పి ఉంటుంది. లేత్ పనివారి చేత దానిని బోరు చేయించి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టను వేయాలి. సిలిండరు గోడ మందం పరిమితమైనది. బోరు చేసిన ప్రతిసారీ తొలి లోహం కొంత తరిగిపోతుంది. అందుచేత అవసరానికి మించి ఒక్క పొర కూడా తీయకూడదు. యుద్ధకాలపు బ్రిటిషు బళ్లలో బ్యాటరీ లేకుండానే నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటో ఉంటుంది. దానిలోని తీగచుట్టపై పూసిన లక్క కాలక్రమంలో వేడికి కరిగి పాడవుతుంది. తీగను మళ్లీ చుట్టించుకోవచ్చు; పై గుల్లను మాత్రం కాపాడుకోవాలి.

ఛాసిస్, రేకుపనుల విషయంలో ఆధారాలను చెరిపివేసే ప్రమాదం ఎక్కువ. తుప్పును వదిలించడానికి ఇసుకను వేగంగా కొట్టించడం నేడు సులభమైన పద్ధతి. కాని అజాగ్రత్తగా కొట్టిస్తే పొడిచిన అంకెలు మాసిపోతాయి. అల్యూమినియం భాగాల పైపొర గరుకుబారుతుంది. అంకెలున్న చోటును ముందుగా కప్పి ఉంచాలి. సొట్టలను టింకరింగు పనివారు లోపలినుంచి మెల్లగా తట్టి తీయాలి. లప్పం దట్టంగా మెత్తి కప్పివేయడం తగదు. తరువాత తుప్పుపట్టనివ్వని అస్తరు, దానిపై మెరుపులేని సైనిక వర్ణం వేయాలి. మెరిసే భాగం దూరానికి కనబడి సైనికుని ప్రాణాలకు ముప్పు తెస్తుంది. కనుకనే సైనిక వాహనంలో మెరుపుకు చోటులేదు. అద్దంవలె మెరిసేటట్లు పాలిషు చేసిన సైనిక బండి తన పుట్టుక ప్రయోజనాన్నే మరచినట్లు.

దొరకని విడిభాగాలు మరొక సమస్య. చెన్నై పుదుప్పేటలోని పాత విడిభాగాల అంగళ్లు, బెంగళూరు జె.సి. రోడ్డులోని దుకాణాలు, ఊరూరా ఉన్న గుజరీలు ఇందుకు ఆశ్రయాలు. అక్కడ అరిగిన అసలు భాగమూ, మెరిసే అనుకృతీ పక్కపక్కనే దొరుకుతాయి. భద్రతకు భంగం లేనంతవరకు అరిగినదైనా అసలుదే మేలు. అసలుది దొరకనప్పుడు పాతదాని కొలతతో కొత్తది చేయించవచ్చు. అది తప్పు కాదు. అయితే ఏది అసలుదో, ఏది కొత్తగా చేయించినదో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. వీలైతే కొత్త భాగం లోపలివైపు చిన్న గుర్తు వేయాలి. అనుకృతిని అసలుదని నమ్మించడం కొనుగోలుదారుని మాత్రమే కాక చరిత్రను కూడా మోసగించడమే.

తొలి రూపంపై ఉన్న గౌరవం ప్రాణరక్షణకు అడ్డు రాకూడదు. పాత బ్రేకు పట్టీలలోనూ, క్లచ్చు పలకలలోనూ ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే క్యాన్సరు వంటి ఘోరవ్యాధులు కలుగుతాయి. దానిని పొడిగా గీకకూడదు, ఊదకూడదు. దాని స్థానంలో ఆస్‌బెస్టాస్ లేని పట్టీలనే వాడాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక తడిపి రుద్దడమే మంచిది. నేడు మన దేశంలో అమ్ముతున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరచి చీల్చుతుంది. కాబట్టి దానికి తట్టుకొనే కొత్త గొట్టాలు వేయాలి. టైర్ల విషయంలో రాజీ అసలే పనికిరాదు. ఇవన్నీ తరువాత తిరిగి మార్చుకోగల మార్పులు. తిరిగి మార్చుకోలేని మార్పును చేయకపోవడమే ఈ విద్యలోని మొదటి నియమం.

ఈ విషయాన్ని మన చట్టం కూడా గుర్తించింది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రాచీన వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. తొలి నమోదు జరిగి 50 ఏళ్లు దాటి, తొలి రూపంలోనే ఉండి, ఛాసిస్, ఇంజను వంటి ముఖ్యభాగాలలో పెద్ద మార్పులకు లోనుకాని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ఈ నియమాలు ప్రాచీన వాహనాలుగా పరిగణిస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు నిర్ణయించారు. నమోదు సంఖ్యలో 'వి.ఏ.' అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ప్రాచీన వాహనాల ఊరేగింపులకు, మరమ్మతుకు, ఇంధనానికి బండిని రోడ్డు మీదికి తేవచ్చు. నిత్య ప్రయాణానికీ, వ్యాపారానికీ వాడరాదు. చౌడేపల్లెలో దొరికిన బండికైనా వేలం పత్రాలు, యాజమాన్యపు కాగితాలు సక్రమంగా ఉన్నప్పుడే ఈ శ్రమకు సార్థకత.

అన్నీ చక్కబడిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ట్యాంకు మీద ఒక సొట్ట ఉన్నది. మోకాళ్ల రాపిడికి రంగు అరిగి లోహం కనబడుతున్నది. పనిముట్ల పెట్టె మూత లోపల ఎవరో సైనికుడు మేకుతో గీసుకొన్న పొడి అక్షరాలున్నాయి. వీటిని తుడిచివేయాలా, ఉంచాలా? తుడిచివేస్తే బండి కర్మాగారం నుంచి అప్పుడే వచ్చినట్లు కనిపిస్తుంది. కాని ఆ మీదట ఆ బండి ఎక్కడ తిరిగిందో, దానిపై ఎవరు కూర్చున్నారో చెప్పే సాక్ష్యం లోకంలో మరెక్కడా ఉండదు. ఆ సైనికుని పేరు ఏ గ్రంథంలోనూ ఎక్కి ఉండకపోవచ్చు. ఆ గీతలే అతని సంతకం. కొత్త రంగును ఎన్నిసార్లయినా వేయవచ్చు, తొలి రంగు ఒక్కసారే ఉంటుంది. అందుకే వివేకవంతులు తుప్పును ఆపుతారు, యంత్రాన్ని నడిపిస్తారు, సేవాచిహ్నాలను అట్లాగే ఉంచుతారు.

చివరగా బండిని నడిపే ఘట్టం. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇప్పటి బళ్లకు అలవాటుపడినవారు ఖాళీ మైదానంలో అభ్యాసం చేయకుండా రోడ్డెక్కితే ప్రమాదం. దానిని స్టార్టు చేయడానికీ ఒక క్రమం ఉన్నది. సిలిండరులోని ఒత్తిడిని వదిలించే చిన్నమీటను నొక్కి, కిక్ రాడ్డును నెమ్మదిగా దింపి, పిస్టను పైచివరను కాస్త దాటేటట్లు చేసి, మీటను వదలి, అప్పుడు ఒక్క ఊపుతో తన్నాలి. బలం కంటె క్రమమే ముఖ్యం. ఆ క్రమం తెలిసిన పాతతరం మెకానిక్కులు మన పల్లెలలో, పట్టణాలలో ఇప్పటికీ ఉన్నారు. చెవితోనే ఇంజను రోగాన్ని పసిగట్టగల వారి విద్య పుస్తకాలలో లేదు. బండితోపాటు ఆ విద్యను కూడా నేర్చి నిలుపుకోవలసి ఉన్నది.

చిత్తూరు సీమలోనే పుట్టిన పుంగనూరు పొట్టి ఆవు ఒకప్పుడు అంతరించే స్థితికి చేరింది. సంకరం కాని ఆవులను వెదకి, పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతూ వచ్చారు. పాలు ఎక్కువిచ్చే ఆవులు లేకపోలేదు. కాని ఆ ఆవుకు బదులు మరొకటి రాదు. పాత సైనిక మోటారు సైకిలు విషయమూ అంతే. అంతకంటె వేగంగా పోయే బళ్లు నేడు వీధివీధినా ఉన్నాయి. ఆజ్ఞను మోసుకొని చీకటిలో ఒంటరిగా పోయిన సైనికునికి తోడున్న బండి మాత్రం ఇంకొకటి తయారుకాదు. ఉన్నదానిని ఉన్నట్లుగా తరువాతి తరానికి అప్పగించడమే పునరుద్ధరణ పరమార్థం.

కఠిన పదాలు – అర్థాలు

శిథిలమైన = పాడుపడిన
వార్తాహరుడు = సందేశాన్ని చేరవేసేవాడు
గస్తీ = కాపలాగా తిరగడం
పాఠాంతరం = ఒకే రచనలో ప్రతిని బట్టి మారే పాఠం
ప్రక్షిప్తం = మూలంలో లేక, తరువాత చేర్చినది
పరిష్కర్త = ప్రతులను పోల్చి సరైన పాఠాన్ని నిర్ణయించేవాడు
లుప్తమైన = లోపించిన, మాసిపోయిన
అనుకృతి = అసలుదానిని చూచి చేసినది
అస్తరు = అసలు రంగుకు ముందు వేసే పూత

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత సైనిక మోటారు సైకిలును తొలి రూపానికి తెచ్చే క్రమాన్ని వివరించండి.
2. పునరుద్ధారకునికీ గ్రంథ పరిష్కర్తకూ గల పోలికలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. యుద్ధకాలపు రబ్బరు కొరత మోటారు సైకిళ్లపై ఎటువంటి ముద్ర వేసింది?
2. రంగు పొరలను ఆధారంగా ఎట్లా ఉపయోగించుకొంటారు?
3. సేవాచిహ్నాలను ఎందుకు ఉంచాలి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. ప్రాచీన వాహనంగా నమోదు కావడానికి ఎన్ని సంవత్సరాలు దాటి ఉండాలి?